ఖాళీ బల్లల నేరం

మా పేట గ్రంథాలయంలో ఆమెను అందరూ సంచిపిల్ల అనేవారు. కళాశాలలో వాణిజ్యశాస్త్రం చివరి సంవత్సరం చదివే అమ్మాయి. భుజాన ఎప్పుడూ ఒక గోధుమరంగు గుడ్డసంచి. అందులో పాఠ్యపుస్తకాలతో పాటు ఒక జత బట్టలు, తువ్వాలు, దువ్వెన కూడా ఉండేవని నాకు తరువాత తెలిసింది. నేను మొదట చూసిన రోజున ఆమె అలమర పక్కన నిలబడి చదువుతోంది. నేను రెండు దినపత్రికలు ముగించి, అద్దాలు తుడుచుకుని తలెత్తి చూసినప్పుడు కూడా అలాగే నిలబడి ఉంది. ఒంటి బరువును ఒక కాలి మీది నుంచి మరో కాలి మీదికి మార్చుకుంది, అంతే. పిల్లలను కూర్చోబెట్టి చదివించడమే వృత్తిగా జీవితం గడిపినదాన్ని, చూస్తూ ఊరుకోలేకపోయాను.

"అమ్మాయ్, నిన్ను నిలబెట్టిందెవరు?"

"ఎవరూ నిలబెట్టలేదండీ."

"మరి కూర్చోవచ్చుగా."

"కూర్చుంటే కార్డు అడుగుతారేమోనని. నిలబడితే ఇప్పుడే వచ్చినట్టు, ఇప్పుడే పోతున్నట్టు ఉంటుంది కదండీ."

"గంట నుంచి ఇప్పుడే పోతున్నావన్నమాట."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను నా పక్క కుర్చీ లాగాను. కూర్చుని చదవడానికి కార్డు అక్కరలేదనీ, పుస్తకం ఇంటికి తీసుకుపోవడానికి మాత్రమే కావాలనీ చెప్పాను. "ఆ 'ఇంటికి' అన్నదే చిక్కండీ," అంది.

ఆ చిక్కు ఏమిటో విప్పుకోవడానికి నాకు కొన్ని వారాలు పట్టింది. ఆమె తల్లి మంచాన పడిన రోగులకు సేవ చేసే మనిషి. ఎవరికి సేవ చేస్తే వారి ఇంట్లోనే ఉండాలి. రోగి కోలుకున్నా, కన్నుమూసినా మరో ఇల్లు. ఆ ఇళ్లలో తల్లికి మంచం ఉంటుంది గాని, కూతురికి చాప పరిచేంత చోటు కూడా ఉండదు. తండ్రి సంగతి ఆమె ఎత్తలేదు, నేను అడగలేదు. అందుచేత పిల్ల వంతులవారీగా బంధువుల ఇళ్లలో ఉండేది. కొన్నాళ్లు పిన్ని, కొన్నాళ్లు మేనమామ, వాళ్ల ఇంటికి చుట్టాలు వస్తే పెదనాన్న కూతురు. ఎవరూ గెంటలేదు, ఎవరూ ఉండమనలేదు. నేను కలిసేనాటికి పిన్ని గారి వంతు నడుస్తోంది.

ఒకరోజు కరెంటు పోయి, అందరం గ్రంథాలయం మెట్ల మీద కూర్చున్నాము. అప్పుడు అడిగాను, ఇంత చదువుతావు కదా, ఇంటి దగ్గర చదువుకోవడానికి కుదరదా అని.

"కుదరదని కాదు టీచరుగారూ. పిన్ని వాళ్లు మంచివాళ్లే. కానీ వేరేవాళ్లింట్లో పుస్తకం పట్టుకుని కూర్చుంటే, ఖాళీగా కూర్చున్నట్టు కనిపిస్తాం. 'ఊరికే ఉన్నావుగా, ఆ బట్టలు మడత పెట్టు' అంటారు. పేజీ తిప్పితే చప్పుడవుతుందేమోనని కూడా భయమే. ఇక్కడైతే చదువుతున్నప్పుడే పని చేస్తున్నట్టు కనిపిస్తాను."

"అంటే ఇక్కడికి వచ్చేది చదువు కోసమా, చోటు కోసమా?"

"మొదట చోటు కోసమేనండీ. అబద్ధం ఎందుకు. ఊరికే కూర్చుంటే ఎవరైనా ఏమైనా అంటారని పుస్తకం తెరిచాను. తరవాత ఆ పుస్తకం వదల్లేదు. ఇప్పుడు రెండిటినీ విడదీయమంటే నాకు చాతకాదు. చదువుతుంటే ఎవరూ పిలవని చోటే నాకు ఇల్లు."

మరి చదువయ్యాక ఏం చేయాలనుకుంటున్నావు అని అడిగితే, తడుముకోకుండా, గ్రంథపాలకురాలిని అవుతానంది. దానికి వేరే చదువుందనీ, మరో నగరంలో చెబుతారనీ, వసతి కూడా ఇస్తారనీ అప్పటికే కనుక్కుని పెట్టుకుంది.

ఆమెకు సభ్యత్వ కార్డు ఇప్పించాలని నేనే పిన్ని గారింటికి వెళ్లాను. ఇంటి యజమాని సంతకం కావాలన్నది గ్రంథాలయ నియమం. రెండు గదుల ఇల్లు; పిల్ల పడుకునేది వంటింటికీ స్నానాల గదికీ మధ్య ఉన్న నడవాలో, ఫ్రిజ్ పక్కన. గోడకు ఒక మేకు. దానికి ఆ సంచి. పిన్ని మర్యాదగా టీ ఇచ్చింది. బాబాయి కొరియర్ కంపెనీలో పార్సిళ్ల విభాగం చూస్తాడు. విషయం విని నా ముఖంలోకి చూడకుండా అన్నాడు:

"సంతకం పెట్టడానికేమీ లేదండీ. కానీ ఇవాళ మా చిరునామా మీద కార్డంటారు, రేపు ఇంకేదో అంటారు. చిరునామా ఇవ్వడమంటే ఇల్లు రాసిచ్చినట్టే."

"లైబ్రరీ కార్డుతో ఇల్లు కాజేసినవాళ్లను నేను ఇంతవరకూ చూడలేదు," అన్నాను.

"మీకు తెలీదండీ, కాలం అలా ఉంది. అయినా ఈ పిల్లకు కార్డెందుకు? పరీక్షలైపోగానే మా ఆఫీసులో బిల్లులు కొట్టే సీటు మాట్లాడి పెట్టాను. పుస్తకాలకు కాపలా కాయడం కూడా ఒక ఉద్యోగమేనా? దానికో డిగ్రీ! కుక్క చాలదూ?"

పిన్ని కల్పించుకుంది. "మీరు ఊరుకోండి. దానికి చదువు పిచ్చేం కాదు టీచరమ్మా, పని తప్పించుకునే తెలివి. నా పెంపకమేగా, నాకు తెలీదా."

పిల్ల గుమ్మంలో నిలబడి అంతా విన్నది. కుక్క అన్న మాటకు కూడా ముఖం మారలేదు. అలా మారకుండా ఉండడం ఎన్ని ఇళ్లలో, ఎన్నేళ్లు నేర్చుకుంటే వస్తుందో ఆలోచించిన కొద్దీ నాకు ఒళ్లు మండింది. వెనక్కి వస్తూ, నా ఇంటి చిరునామా వేసుకో, నేను సంతకం పెడతాను అన్నాను. "మీ ఇంట్లో నేను ఉండటం లేదు కదండీ," అంది. ఒప్పుకోలేదు.

మా గ్రంథపాలకుడి గురించి ఇక్కడ చెప్పాలి. పరమ శుభ్రమైన మనిషి. పుస్తకాల వీపులన్నీ అలమరలో ఒక్క గీత మీద ఉండాలి. ఒకటి వేలెడంత ముందుకు వచ్చినా ఆయనకు ముద్ద దిగదు. తీసిన పుస్తకాన్ని తీసినచోటే పెట్టాలన్నది ఆయన శాసనం, అందరికీ అలవాటైపోయింది కూడా. మధ్యాహ్నం దుకాణం మూసి వచ్చే దర్జీ, వయసు మళ్లిన కాంపౌండరు, లాడ్జి గదుల్లో ఉంటూ ఉద్యోగాలు వెతుక్కునే కుర్రవాళ్లు, అందరూ చదివినంత చదివి, లేచి, సరిగ్గా ఆ ఖాళీలోనే పుస్తకాన్ని నిలబెట్టి వెళ్లేవారు. వారిలో చాలామందికి సంచిపిల్లకు లాగే కార్డు లేదు. లాడ్జి గదికి ఎవరు సంతకం పెడతారు? పగలంతా కుర్చీలు నిండినా, తలుపు వేసే వేళకు బల్లల మీద కాగితం ముక్క మిగిలేది కాదు.

చలికాలం ముగుస్తుండగా ప్రధాన కార్యాలయం నుంచి తాఖీదు వచ్చింది. గ్రంథపాలకుడు దాన్ని పట్టుకుని నా కుర్చీ దగ్గరికి వచ్చాడు. "ఈ శాఖలో పాఠకుల వినియోగం శూన్యమని గుర్తించబడినందున, పుస్తకములు తొలగించబడి, హాలు పోటీ పరీక్షల శిక్షణకు కేటాయించబడును." గుర్తించినవారెవరో, తొలగించేవారెవరో ఆ వాక్యంలో ఎక్కడా లేదు. పని చేసినవాడు వాక్యం వెనుక దాక్కోవడం నేను సహించలేను. పదో తరగతి పిల్లలు అలా రాసినా ఎర్రసిరాతో గీత గీసేదాన్ని.

"శూన్యమా? మేమంతా ఎవరం? దయ్యాలమా?" అన్నాడు కాంపౌండరు.

సంచిపిల్ల మాత్రం, నెలనెలా పైకి పంపే నివేదికలో ఏముంటుందని అడిగింది. గ్రంథపాలకుడు నకలు తెచ్చి చూపించాడు. కార్డుల మీద ఇంటికిచ్చిన పుస్తకాలు ఏవో కొన్ని. దాని పక్కన 'బల్లలపై మిగిలిన పుస్తకములు' అని ఒక గడి. పై నుంచి కింది దాకా సున్నాలు.

"ఇవేమిటండీ, అన్నీ సున్నాలే?"

"అదే కదమ్మా నా గొప్ప," అన్నాడాయన, అంత కష్టంలోనూ కాస్త నిటారుగా అయి. "నేను వచ్చింది మొదలు ఒక్కరోజు బల్ల మీద పుస్తకం మిగలనివ్వలేదు. ఈ గడిలో సున్నా వేసే శాఖ మనదొక్కటే. మిగతావాళ్లు ముప్ఫై, నలభై వేస్తారు, సిగ్గు లేకుండా."

ఆమె గడి వైపు, ఆయన వైపు మార్చి మార్చి చూసింది. చెప్పాలా వద్దా అని ఆమె తటపటాయించడం నాకు కనిపించింది.

"అయ్యగారూ, మిగతా చోట్ల చదివినవాళ్లు పుస్తకం బల్ల మీదే వదిలేస్తారేమో. సాయంత్రం వాటిని లెక్కపెడితే, ఇక్కడ కూర్చుని ఎంతమంది చదివారో తెలుస్తుంది. అందుకే ఆ గడి పెట్టి ఉంటారు."

ఆయన మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు.

"అయితే ఇన్నేళ్లూ నేను... ఎవరూ రాలేదని రాసి పంపానా?"

"మీరు బల్లలు శుభ్రంగా ఉన్నాయని రాశారు. వాళ్లు ఎవరూ రాలేదని చదువుకున్నారు," అంది.

నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆ గడి ఎందుకో ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఏళ్ల తరబడి సున్నాలు అందుకుంటూ, ఏమయ్యా, అసలు తలుపు తెరుస్తున్నావా అని ఒక్క మనిషి అడగలేదు. ఒక్కరు వచ్చి గుమ్మంలో నిలబడి చూసి ఉంటే చాలును. రావడం, అడగడం తెలియనివారికి తాళం వేయడం మాత్రం వచ్చును. తీసిన వస్తువు తీసినచోట పెట్టండని చిన్ననాటి నుంచి పిల్లలకు చెబుతాము. చెప్పినట్టు నడుచుకున్న మనుషులను ఆ మర్యాదే అసలు రానివారి కింద జమకట్టింది. మంచికి పోతే ఎదురైన చెడు ఇంతకన్నా స్పష్టంగా నేను ఎక్కడా చూడలేదు.

తాఖీదు ప్రకారం విచారణకు అధికారి రావడానికి ఇంకా మూడు వారాల గడువుంది. ఈలోగా సరైన లెక్క వేసి చూపించాలని సంచిపిల్ల పట్టుపట్టింది. చదివిన పుస్తకాన్ని ఎవరూ అలమరలో పెట్టవద్దని ప్రతి కుర్చీ దగ్గరికీ వెళ్లి చెప్పింది. చెప్పడం తేలిక. దర్జీ లేచి, పుస్తకం బల్ల మీద పెట్టి, రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"నావల్ల కావడం లేదమ్మా. ఎంగిలి కంచం వదిలేసి లేచినట్టుంది."

"వదిలేయండి బాబాయిగారూ, నేను కడుగుతాలెండి."

"ఈ వయసులో నాకు పాడలవాట్లు నేర్పుతున్నావా?" అన్నాడు కాంపౌండరు.

"నేర్చుకోండి తాతగారూ. పాడలవాట్లకు వయసేమిటి?"

అందరికన్నా కష్టం గ్రంథపాలకుడిది. బల్లల మీద చిందరవందరగా పడి ఉన్న పుస్తకాల మధ్య, కొత్త కోడలి సంసారం చూసే అత్తగారిలా పళ్లు బిగించుకుని తిరిగేవాడు. ఒకనాడు లెక్క పెట్టకముందే ఒకదాన్ని గుట్టుగా అలమరలోకి తోస్తూ దొరికిపోయాడు. "అయ్యగారూ," అంది ఆమె, అంతే. ఆయన దాన్ని తీసి, దొంగసొత్తులా మళ్లీ బల్ల మీద పెట్టాడు. ఆ సాయంత్రం లెక్క తేలాక, ఆ సంఖ్యను గడిలో రాసేముందు చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాడు.

అధికారి చెప్పిన రోజునే వచ్చాడు. వెంట ఇద్దరు నౌకర్లు, వారి చేతుల్లో ఖాళీ అట్టపెట్టెలు. విచారణకు వస్తూ పెట్టెలు తెచ్చుకునేవాడి విచారణ ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? కుర్చీలన్నీ నిండి ఉన్నాయి; ఆయన తలెత్తి చూడను కూడా లేదు. కొత్త లెక్కలు చూసి పెదవి విరిచాడు.

"ఇన్నేళ్లూ సున్నా, ఈ మూడు వారాలే నలభైలు, యాభైలు. తాఖీదు అందాక పుట్టిన పాఠకులన్నమాట. ఇలాంటి లెక్కలు మేం చాలా చూశామండీ."

నిజం రాసినప్పుడు దొంగ అనిపించుకోవడం గ్రంథపాలకుడికి అదే మొదటిసారి. సంచిపిల్ల లేచి వెళ్లి బల్ల ఎదుట నిలబడింది. సున్నాలు ఎలా వచ్చాయో మొదటి నుంచి చివరి దాకా, గొంతు పెంచకుండా, ఒక్క మాట ఎక్కువ లేకుండా చెప్పింది. నా ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక విషయాన్ని అంత సూటిగా చెప్పిన విద్యార్థులు ఎక్కువమంది లేరు. అధికారి విన్నాడు. విని, "నువ్వు సభ్యురాలివా?" అన్నాడు.

"కాదండీ."

"ఉండేదెక్కడ?"

"ఈ నెల పిన్ని ఇంట్లో. వచ్చే నెల అడగండి, చెప్తాను."

ఎవరో నవ్వారు. అధికారి నవ్వలేదు. "సభ్యత్వం లేనివాళ్ల మాట నేను రాసుకోలేనమ్మా. అయినా ఈ శిక్షణ కేంద్రం నీలాంటివాళ్ల కోసమే. కథల పుస్తకాలు చదివితే ఉద్యోగాలొస్తాయా?"

"అది మీరే చెప్పాలండీ. గ్రంథాలయ శాఖలో ఉద్యోగం చేస్తున్నది మీరు కదా."

ఈసారి హాలంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇల్లు లేదు గనుక కార్డు లేదు, కార్డు లేదు గనుక చదివినట్టు కాదు, చదివినట్టు కాదు గనుక కూర్చునే ఈ చోటు కూడా లేదు. ఒక పిల్లను ఇన్ని గుమ్మాల బయట నిలబెట్టి, నీ మంచికే అంటున్నాడు. నేను లేచి, నా కార్డు ఆయన ముందు పెట్టాను.

"నేను సభ్యురాలిని. ఈ అమ్మాయి చెప్పిన ప్రతి మాటా నా అభ్యంతరంగా రాసుకోండి. మీరు రాస్తారా, నన్ను రాయమంటారా? నేను రాస్తే కర్త ఎవరో స్పష్టంగా ఉంటుంది."

దర్జీ తన కార్డు తెచ్చి నా కార్డు పక్కన పెట్టాడు. కాంపౌండరు జేబులన్నీ వెతుక్కుని, చివరికి కళ్లజోడు పెట్టెలోంచి తనది తీశాడు. కార్డు లేనివారు కూడా లేచి నిలబడ్డారు; కూర్చోమని అధికారి రెండుసార్లు చెప్పినా వినలేదు.

ఆయన నియమావళి తిరగేశాడు. సభ్యుల లిఖితపూర్వక అభ్యంతరం ఉంటే, పాఠకుల సంఘం తేల్చేదాకా హాలును ముట్టుకోకూడదట. ఆ సంఘం ఎక్కడుందని అడిగాను. "కాగితం మీద ఉందండీ. మూడు స్థానాలూ ఖాళీ. సొంతిల్లున్న సభ్యులే ఉండాలి, ఎవరూ పేరివ్వరు. మీరంతా కోపమొచ్చిన రోజున వస్తారు, చల్లారాక ఇంట్లో కూర్చుంటారు," అన్నాడు. వెనుక వరసలోని రెండు అలమరల మీద ఉత్తర్వు ముందే జారీ అయిందని చెప్పి, తెచ్చిన పెట్టెలు ఖాళీగా పోకుండా వాటితో నింపించుకున్నాడు. గ్రంథపాలకుడు గుమ్మం దాకా వెళ్లి, పెట్టెలో పుస్తకాలు అడ్డదిడ్డంగా ఉన్నాయని నౌకరును ఆపి, వాటిని సర్ది మరీ పంపాడు. అది చూడలేక నేను ముఖం తిప్పుకున్నాను.

అధికారి అభ్యంతరాన్ని స్వీకరించిన కాగితం నా చేతిలో పెట్టి వెళ్లాడు. ఆరు నెలల గడువు. ఆలోగా సంఘం ఏర్పడాలి, లేదంటే మిగతా అలమరలకూ అదే గతి.

పరీక్షలు అయ్యాయి. బాబాయి మాట్లాడి పెట్టిన సీటు వద్దని సంచిపిల్ల తనే చెప్పింది. ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. మర్నాటి నుంచి ఆమె మేనమామ గారింటి నుంచి రావడం మొదలుపెట్టింది. గ్రంథాలయ శాస్త్రంలో సీటు వచ్చిందన్న కబురు తల్లికి ఫోనులో చెబుతుంటే నేను పక్కనే ఉన్నాను. అవతల రోగి నిద్రపోతున్నాడేమో, తల్లి గుసగుసగా మాట్లాడింది. ఈమె కూడా, ఏ కారణమూ లేకుండా, గుసగుసగానే జవాబిచ్చింది.

ప్రయాణమయ్యే రోజున గ్రంథాలయానికి వచ్చింది. గ్రంథపాలకుడు ఆమెకు లెక్క చూపించాడు; ఆ నెలలో ఏ గడిలోనూ సున్నా లేదు. దర్జీ సంచికి కొత్త పట్టీ కుట్టి ఇచ్చాడు. నేను రిక్షా దాకా వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఈ హాలు ఉంటుందో లేదో అని ఆమె అనలేదు. ఆమె ఆలోచన అదేనని నాకు తెలుసు.

"సంఘానికి ఎవరైనా పేరిచ్చారా?" అని అడిగింది.

"ఇంకా లేదు. దర్జీది అద్దె ఇల్లు. కాంపౌండరుది కొడుకు పేర ఉంది. వచ్చే వారం కనుక్కుందామని..."

"మీది సొంతిల్లే కదండీ."

అవునన్నాను. సమావేశాలంటే నాకు గిట్టదనీ, ఈ మోకాళ్లతో ప్రధాన కార్యాలయం మెట్లెక్కలేననీ, వయసులో ఉన్నవారు ఎవరైనా ఉంటే బాగుంటుందనీ చెప్పాను. ఆమె వింది. రిక్షా ఎక్కి, సంచి ఒళ్లో పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని అడిగింది:

"ఆ రోజు కార్డు తీసి బల్ల మీద పెట్టినప్పుడు ఉన్న కోపం మీకు ఇంకా ఉంది కదా టీచరుగారూ. అది చల్లారకముందే, రేపు పొద్దున్నే వెళ్లి మీ పేరిచ్చి వస్తారా?"